రాత్రి కెప్టెన్

చచ్చిపోయిన మనిషి మాట్లాడడు. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఇన్‌స్పెక్టర్ మూడు రోజులుగా వదలడం లేదు. సోమవారం మధ్యాహ్నం కూతురి పరిశోధనశాలలో పైలట్ పరీక్ష మొదలైన కాసేపటికే కెప్టెన్ గుండె మొరాయించిందనీ, ఓ అరగంట కొట్టుమిట్టాడి ప్రాణం వదిలాడనీ పోస్టుమార్టం చేసిన డాక్టరు రాశాడు. పరీక్ష మాత్రం సాయంత్రం దాకా సాగింది. అడిగినప్పుడల్లా కెప్టెన్ జవాబు చెప్పినట్టు కంప్యూటర్లో అక్షరాలా ఉంది. కాబట్టి ఆ జవాబులు ఎవరో తరవాత తీరిగ్గా కూర్చుని రాశారు. కంప్యూటర్ తాళాలు ఉన్నది కెప్టెన్ కూతురి దగ్గర. లోపల తండ్రి ప్రాణం పోతుంటే పట్టించుకోకుండా కూర్చుని, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఈ నాటకం ఆడిందని అతని లెక్క. గురువారం సాయంత్రం నాలుగింటికి వచ్చి ఆమెను తీసుకుపోతానని ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు.

కబురు పెట్టింది వదినకి. వదిన ప్రైవేటు డిటెక్టివ్. పోయిన భర్త పోలీసు అధికారి, ఇన్‌స్పెక్టర్ ఆయన సొంత తమ్ముడు. అతను స్టేషన్లో అందరిముందూ "వదినా, వదినా" అని పిలిచేసరికి కానిస్టేబుళ్ళు అదే అలవాటు చేసుకున్నారు. తరవాత లాయర్లు, పత్రికలవాళ్ళు, చివరికి ఒకరిద్దరు జేబుదొంగలు కూడా అలాగే పిలవసాగారు. ఇప్పుడామె అసలు పేరు బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

కెప్టెన్ కూతురు ఆమెను పిలిపించుకుని అడిగింది ఒక్కటే. "నేను జైలుకి పోయినా ఫరవాలేదు మేడమ్. ఆ జవాబులు నేను రాయలేదు. నాన్నే చెప్పాడు. నాన్న చెప్పకపోతే మరి ఎవరు చెప్పారో నాకు తెలియాలి."

వదిన గురువారం మధ్యాహ్నానికి ఆ పరిశోధనశాలలో అడుగుపెట్టింది. ఒంటరిగా విమానం నడిపే పైలట్‌కి పక్కనుండి మాటసాయం చేసే కృత్రిమ మేధని అక్కడ తయారుచేస్తున్నారు. దానికి 'తోడు' అని పేరు పెట్టుకున్నారు. తోడు మెదడు విశ్వవిద్యాలయానిది, అంటే కూతురి బృందానిది. విమానం ముక్కు వరకూ కోసి తెచ్చి గదిలో దించినట్టుండే క్యాబిన్ ఒక పరికరాల కంపెనీది. పైలట్లని పంపేది ఒక విమాన సంస్థ. పేరుకి ఉమ్మడి పరిశోధనే గాని, తీరు చూస్తే వేరుపడిన అన్నదమ్ముల ఇల్లు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. ఒకరి సామాను మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు.

తోడు చేసే పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది పైలట్‌ని కనిపెట్టుకుని ఉండటం. మాటల్లో పెట్టి మధ్యమధ్య ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. వరసగా రెండుసార్లు జవాబు రాకపోతే బయట కూతురి బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది. అందరూ తలుపు తీసుకుని లోపలికి పరిగెత్తాలి. సోమవారం ఎర్రదీపం వెలగలేదు.

"మునుపెప్పుడైనా వెలిగిందా?" అని అడిగింది వదిన.

కిందటి వారం ఒకసారి వెలిగిందని కూతురు చెప్పింది. పరిగెత్తి చూస్తే నాన్న కళ్ళు నులుముకుంటూ, కునుకు పట్టిందని నవ్వేశాడట. అరవై దాటిన మనిషి, విమానాలు నడపడం మానేసి కూడా చాలాకాలమైంది. ఈ పనికి కూతురి కోసమే వచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఓ మాట అన్నది. మళ్ళీ వెలిగితే వేరే పైలట్‌ని పిలుస్తాను నాన్నా, ఆ తరవాత మొహమాటపడను అని. ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా సరేనన్నాడు. ఇది చెబుతున్నంతసేపూ ఆమె కుర్చీ క్యాబిన్ తలుపుకి వీపు పెట్టే ఉంది.

"సోమవారం ఆయన గొంతు వింటూనే కూర్చున్నావా అమ్మా?"

"వినం మేడమ్. చదువుతాం."

పైలట్ మాట్లాడింది తోడు అక్షరాల్లోకి మారుస్తుంది. ఆ అక్షరాలు బల్ల మీది తెర మీద పడుతుంటాయి. పూటంతా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవడం కష్టమని మొదట్లోనే మానేశారు. శబ్దం దాచుకోవడం కూడా మానేశారు. చదవడానికి అంతా ఉండగా అదెందుకనుకున్నారు.

"అంటే ఆ పూట మీ నాన్న గొంతు ఎవరూ వినలేదు."

 వదినకి ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. కాని అనేసింది. ఈ వృత్తిలో నోరు ముందు, మనసు వెనక.

ఆమె ఆ అక్షరాలనే మొదటినుంచీ చదివింది. పైన అన్నీ సగం సగం మాటలు. రెండు జవాబులకొకసారి తోడు "మళ్ళీ చెప్పండి కెప్టెన్" అంటోంది. ఆయన విసుక్కుంటున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. తరవాత ఒకచోట తోడు "కెప్టెన్, వినిపిస్తోందా?" అని అడిగింది. కాస్త ఎడం. "వినిపిస్తోంది. బాగున్నాను. కానివ్వు." అక్కణ్ణుంచి చివరిదాకా తోడు ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పమనలేదు. ప్రతి మాటా ముత్యంలా పడింది. తోడు మెల్లగా ఆయన యాసకి అలవాటుపడిందేమో అనుకున్నానని కూతురు చెప్పింది.

"మనుషులకే ఏళ్ళు పడుతుందమ్మా," అని వదిన లేచి క్యాబిన్‌లోకి వెళ్ళింది.

పోలీసులు వేసిన సీలు ఇన్‌స్పెక్టర్ వదిన కోసం తీయించాడు గాని, లోపల దేన్నీ ఎవరూ కదపలేదు. రెండు కుర్చీలు, ముందర గాజు పలకలు, తల మీద వరసలు వరసలుగా మీటలు, ప్రతిదాని కిందా దాని పేరు. ఎడమ కుర్చీ కెప్టెన్‌ది. దాని పక్క సంచిలో మంచినీళ్ళ సీసా, చేతిరుమాలు, మూత తెరిచిన నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. డబ్బా ఖాళీగా ఉంది. వదిన మూత వాసన చూసింది. మందు నీళ్ళ వాసన. ఆమె అత్తగారు కట్టుడుపళ్ళు నానబెట్టుకునే డబ్బా సరిగ్గా ఇలాగే ఉండేది.

మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు పెట్టే చోట వెతికింది. పెడళ్ళ వెనక, ఓ మూలన, పై వరస పళ్ళు బోర్లా పడి ఉన్నాయి. ఎవరూ తొక్కలేదు. దుమ్ము తప్ప మరే మరకా లేదు.

వదిన వాటిని ముట్టుకోకుండా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. కొత్త పళ్ళు ఒరుసుకుంటే ఎవరైనా తీసి డబ్బాలో పెట్టుకుంటారు. బాగానే ఉంది. డబ్బాలో పెట్టినవాడు వాటిని మళ్ళీ ఎందుకు తీశాడు? తీసినవాడు నోట్లో పెట్టుకోకుండా నేల మీద ఎందుకు పారేశాడు?

లేవబోతుంటే కుర్చీకి ఎడమపక్క, కిందుగా, ఒక చిన్న మీట కనిపించింది. ఈ క్యాబిన్‌లో పేరు లేని మీట అదొక్కటే. దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. మీట పైకెత్తి ఉంది.

బయటికొచ్చి కూతురిని పళ్ళ సంగతి అడిగింది. కిందటి నెల పై వరస తీయించుకున్నాడని, కొత్త పళ్ళు పెట్టుకుంటే నొప్పి అని సణుగుతుండేవాడని కూతురు చెప్పింది. పళ్ళు లేకుండా తనకి కూడా కనిపించేవాడు కాదట. సిగ్గు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడట. తలుపు వేసుకుని తోడుతో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆయన సిగ్గుపడలేదన్నమాట.

పరికరాల కంపెనీ ఇంజనీరు సన్నటి మనిషి. ప్రశ్న అడిగినప్పుడల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకునే అలవాటుంది. వదిన అతన్ని చిన్న గదిలోకి తీసుకెళ్ళి, కూతురికి వినపడకుండా తలుపు దగ్గరికి వేసి, ఆ మీట ఏమిటని అడిగింది. లోపలి దీపాలది అన్నాడు.

"దీపాల మీటలు తలమీద ఉన్నాయి బాబూ. పేర్లు చదివే వచ్చాను."

అతను కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. వదిన అతన్ని తొందరపెట్టకుండా వేరే దారిన వచ్చింది. రాత్రిళ్ళు ఈ గదిలో కంపెనీ పరీక్షలు నడుస్తాయని విన్నానని అన్నది. అతను ఒప్పుకున్నాడు. ఆ వేళకి పైలట్లు వస్తారా అంటే రారన్నాడు.

"మరి తోడు అడుగుతుంటే జవాబు చెప్పేదెవరు?"

ఈసారి అతను కళ్ళద్దాలు తీశాడు గాని తుడవలేదు. బల్ల మీద పెట్టేశాడు.

పైలట్లు దొరకడం కష్టమై, కంపెనీ ఒక ఉత్తుత్తి పైలట్‌ని తయారుచేసింది. తోడు అడిగినదానికి విమానం పరిస్థితి చూసి సరైన జవాబు చెప్పే ప్రోగ్రామది. గొంతు కెప్టెన్‌ది. కిందటేడాది, పళ్ళు బాగున్న రోజుల్లో, గంటల తరబడి ఆయన చేత చదివించుకున్న మాటల్లోంచి తీసిన గొంతు. తమలో తాము దాన్ని 'రాత్రి కెప్టెన్' అనుకునేవారు. ఆ మీట ఎత్తి ఉంటే, కుర్చీలో మనిషి జవాబు చెప్పనప్పుడు ఒక్క క్షణం ఆగి అది అందుకుంటుంది. రెండు గొంతులు కలిసి తోడు తికమకపడకుండా కుర్చీలోని మైకుని ఆపేస్తుంది. ఇక మీట దించేదాకా వదలదు. కంపెనీ వాళ్ళు రాత్రి ఏదో ప్రోగ్రాం నడుపుకుంటారని విశ్వవిద్యాలయానికి తెలుసు. అది ఎవరి గొంతో చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. వాళ్ళు చదివేవాళ్ళే కదా.

"తండ్రి గొంతుని మీరు వాడుకుంటున్నారని ఆ అమ్మాయికి తెలియదు," అన్నది వదిన.

"తెలియదు మేడమ్."

"తెలియకపోతే మరి వాడిందెవరు వదినా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. నాలుగు ఇంకా కాలేదు. మరిదికి చిన్నప్పటినుంచీ పెళ్ళిపందిట్లో కూడా ముందు పంక్తిలోనే కూర్చునే అలవాటు. అతను లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. తన పని వదిన తేలిక చేసిందని మెచ్చుకున్నాడు. జవాబులు దొంగవని తాను మొదటినుంచీ అంటున్నాడు, అవి దొంగ గొంతువని ఆమె తేల్చింది. నిన్నటిదాకా కూతురు వేళ్ళతో రాసిందనుకున్నాడు. ఇప్పుడు యంత్రంతో చెప్పించిందని రాసుకుంటాడు. కేసు అదే, కూతురు అదే.

"మీట క్యాబిన్ లోపల ఉంది," అన్నది వదిన. "ఆ అమ్మాయి బల్ల బయట ఉంది. పరీక్ష నడుస్తుండగా తలుపు తెరిస్తే పరీక్ష ఆగిపోతుంది. ఆగలేదు."

"ముందే ఎత్తి ఉంటుంది."

"ఏం బాబూ, పొద్దున మీట చూసిందెవరు?"

ఇంజనీరు తల వంచుకున్నాడు. రోజూ పొద్దున దించేది తనేనన్నాడు. సోమవారం కూడా దించాడు. ఆ తరవాత లోపలికి వెళ్ళింది కెప్టెన్ ఒక్కడే.

 ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆయనకా మీట గురించి ఎలా తెలిసింది?" అని వదిన మెల్లగా అడిగింది.

"నేనే చెప్పాను మేడమ్," అన్నాడు ఇంజనీరు.  "ఆయనే అడిగారు. ఈమధ్య ఛాతీలో పట్టేసినట్టై మాట రావడం లేదు, కాసేపట్లో సర్దుకుంటోంది, ఆ కాసేపూ ఎవరైనా మాట అందిస్తే చాలు అన్నారు. ఎర్రదీపం మళ్ళీ వెలిగితే అమ్మాయి నన్ను తీసేస్తుంది బాబూ, ఈ పని ఉంది కాబట్టే రోజంతా దాని పక్కన ఉంటున్నాను అన్నారు. చీకట్లో తడుముకోకుండా ఉంటుందని ఆ ప్లాస్టర్ అంటించింది కూడా నేనే."

డాక్టరుకి చూపించుకోమని చెప్పలేదా అని ఇన్‌స్పెక్టర్ గద్దించాడు. చెప్పాడట. ఈ పరీక్షలు కాగానే వెళతానన్నాడట. ఇంజనీరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మూడు రోజులుగా నోరు విప్పలేదేమని తిట్టాలని వదినకి నోటిదాకా వచ్చింది. అతని భుజాలు చూసి ఊరుకుంది.

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఊరుకోలేదు. దీనికి సాక్ష్యం ఏమిటన్నాడు. ఉద్యోగం పోతుందని భయపడే ఇంజనీరు మాట, నేల మీద పడ్డ పళ్ళు. వీటిని కోర్టులో చూపిస్తే జడ్జిగారు నవ్విపోతారన్నాడు.

"ఆ క్యాబిన్‌లో ఇంకో చెవి ఏదైనా ఉందా?" అని వదిన ఇంజనీరుని అడిగింది.

ఉంది. నిజం విమానాల్లో లాగే పైకప్పులో ఒక మైకు ఉంది. అది విమాన సంస్థది. తోడుతోనూ, రాత్రి కెప్టెన్‌తోనూ దానికి సంబంధం లేదు. స్పీకర్లలోంచి వచ్చే ఆ రెంటి గొంతులతో సహా గదిలో ఏ చప్పుడైతే అది, వినడమూ దాచుకోవడమూ తప్ప మరో పని ఎరగదు.

"దాని రికార్డింగ్ పెట్టె నా జీపులో ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మొదటిరోజే సీలు వేసి తీసుకెళ్ళాను."

"విన్నావా?"

అతను గోడకేసి చూశాడు. "చచ్చిపోయినవాడి గదిలో వినడానికి ఏముంటుందని..."

"ఈ ఇంటి గాలి నీకూ సోకిందన్నమాట మరిదిగారూ," అన్నది వదిన. ఎప్పుడూ వేళాకోళానికి అనే పిలుపే. ఇవాళ అందులో వేళాకోళం లేదు.

పెట్టె తెచ్చారు. ఇంజనీరు దానికి తీగలు తగిలించాడు. ముగ్గురూ దగ్గరికి జరిగి కూర్చున్నారు.

ముందు డబ్బా మూత చప్పుడు, ఓ నిట్టూర్పు. తరవాత కెప్టెన్ గొంతు. పై పళ్ళు లేని నోట్లో మాటలు గాలికి కొట్టుకుపోతున్నాయి. తోడు మళ్ళీ చెప్పమంటోంది. ఆయన మళ్ళీ చెబుతున్నాడు. ఒకసారి తనలో తనే నవ్వుకున్నాడు. తరవాత ఊపిరి బరువెక్కింది. దేన్నో పట్టుకోబోయి జారినట్టు చప్పుడు.

"కెప్టెన్, వినిపిస్తోందా?"

మూలుగు.

"వినిపిస్తోంది. బాగున్నాను. కానివ్వు."

అదే గొంతు, కాని పళ్ళున్న గొంతు. తేటగా, ధీమాగా ఉంది. ఇన్‌స్పెక్టర్ చేతివేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి.

దాని కింద, మైకుకి దూరంగా, అసలు మనిషి మాట్లాడుతున్నాడు. "కాదు. తోడూ, కాదు. అమ్మాయిని పిలు." ఆ మాటకి పళ్ళతో పని లేదు. ఎవరు విన్నా అర్థమయ్యేటంత స్పష్టంగా ఉంది. తోడు విమానం ఎత్తెంతని అడిగింది. రాత్రి కెప్టెన్ ఎత్తు చెప్పాడు. తోడు మెచ్చుకుంది.

"మీట దించొచ్చుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇప్పుడే జరుగుతున్నట్టు.

"మీట ఎడమవైపు ఉంది," అన్నది వదిన. "గుండెనొప్పి ముందు పట్టుకునేది ఎడమచేతినే."

మళ్ళీ మూత తెరుచుకున్న చప్పుడు. వదినకి అప్పుడర్థమైంది. మైకు ఆగిపోయిందని తెలియక, పళ్ళు లేకపోవడం వల్లే తన మాట తోడుకి తెలియడం లేదనుకున్నాడాయన. ఆ పూటంతా జరిగింది అదేగా. పళ్ళు పెట్టుకుని, మళ్ళీ సరిగ్గా చెబుదామనుకున్నాడు. చిన్న వస్తువేదో కింద పడి దొర్లిన చప్పుడు. "అమ్మాయిని పిలు తోడూ. దాన్ని పిలు." తరవాత ఊపిరి ఒక్కటే వినిపించింది. ఊపిరి మీదుగా రెండు యంత్రాలు ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటూ పోయాయి. తోడు మధ్యలో ఒకసారి అడిగింది, అలసటగా ఉందా కెప్టెన్ అని.

"లేదు. బాగున్నాను."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచి ఆపేశాడు. ఆ అమ్మాయిని తీసుకువెళ్ళడం లేదన్నాడు. ఇంజనీరు స్టేషన్‌కి వచ్చి చెప్పిందంతా రాసివ్వాలన్నాడు. లేచి తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వదినా, దీన్ని ఆమెకి వినిపించకండి. నిద్రలోనే పోయాడని చెబుదాం. బాధపడలేదని."

"నాకూ అలాగే చెప్పావు," అన్నది వదిన. "మీ అన్నయ్య బాధపడలేదని. నాలుగేళ్ళయింది. నువ్వు చెప్పింది నిజమో కాదో తెలియక ప్రతి రాత్రీ నేనే కొత్తగా ఊహించుకుంటున్నాను. ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో నీకు తెలియదు."

అతను తలుపు తీశాడు. తలుపు అవతల, గోడకి ఆనుకుని, కెప్టెన్ కూతురు నేల మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగక్కర్లేకపోయింది. వదిన వెళ్ళి ఆమె పక్కనే చతికిలబడింది. చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఇంట్లో కూడా ఇంతే మేడమ్," అన్నది కూతురు. "నా గదిలో పని చేసుకుంటూనే అడిగేదాన్ని, నాన్నా బాగున్నావా అని. పక్క గదిలోంచి బాగున్నానమ్మా అనేవాడు. రోజూ అడిగేదాన్ని. రోజూ అలాగే అనేవాడు. ఒక్కరోజు కూడా లేచి వెళ్ళి మొహం చూడలేదు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. గోడ పట్టుకుని లేచి, లోపలికి వచ్చి, ఇన్‌స్పెక్టర్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ వద్దన్నట్టు వదిన వైపు చూశాడు. వదిన తల ఊపలేదు, అడ్డమూ చెప్పలేదు.

"మళ్ళీ పెట్టండి," అన్నది కూతురు. "మొదటినుంచీ పెట్టండి. ఈసారి వింటాను."

ఇంజనీరు పెట్టెని వెనక్కి తిప్పాడు. డబ్బా మూత తెరుచుకున్న చప్పుడైంది. తరవాత పళ్ళు లేని నోటితో ఒక ముసలాయన, సిగ్గుపడాల్సిన పని లేకుండా, మాట్లాడటం మొదలుపెట్టాడు.